ఫైలు మూశాను, కంటి మీద కునుకు లేదు

ప్రశ్న:

నమస్కారమండి. నాకు 31 ఏళ్లు. మాది నరసాపురం. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, ఆరేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డు పని చేస్తున్నాను. రోజూ పొద్దున్నే పంటు (బళ్లని కూడా ఎక్కించుకునే పెద్ద పడవ) మీద గోదావరి దాటి సఖినేటిపల్లి, మలికిపురం మండలాల్లోని ఊళ్లు తిరుగుతాను. తల్లి గల్ఫ్ వెళ్లిన ఇళ్లు, తాగొచ్చి కొట్టే మొగుళ్లు, బడి మానేసిన పిల్లలు, ఇవే నా కేసులు. నా ఒక్కదాని కిందే అరవైకి పైగా కుటుంబాలున్నాయి.

కిందటేడు ఒక పదిహేనేళ్ల అమ్మాయికి పెళ్లి కుదిర్చారు. తల్లి కువైట్‌లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. పోలీసులనీ ఐసీడీఎస్ (స్త్రీ, శిశు సంక్షేమం) వాళ్లనీ తీసుకెళ్లి ఆపించాం. పెద్దల చేత కాగితం రాయించాం. 'నేను చూసుకుంటాను, నువ్వు చదువుకో' అని ఆ పిల్లకి ధైర్యం చెప్పాను. ఫైలు మూసేశాం. పోయిన నెల కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయే. పండక్కని వేరే ఊరు తీసుకెళ్లి పెళ్లి చేసేశారట. 'మీరు చూసుకుంటానన్నారు కదా మేడమ్' అని పెట్టేసింది. మా సార్‌తో చెబితే 'మనం చేయగలిగింది చేశాం, ఆ ప్రాజెక్టు కూడా అయిపోయింది కదమ్మా' అన్నారు.

అప్పటినుంచి రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, ఆ పిల్ల గొంతు వినిపిస్తోంది. పంటు ఎక్కాక కూడా ఫోన్లు ఆగవు. నా జీతంలోంచి వాళ్లకీ వీళ్లకీ ఎంత ఇస్తున్నానో లెక్క చూసుకోవడం మానేశాను. ఇంట్లో మా బాబు మీద ఊరికే అరుస్తున్నాను. మా అత్తయ్యగారు లేసు అల్లుకుంటూ 'ఊరందరి ఏడుపూ మన గుమ్మంలోకి తెస్తున్నావే' అంటారు. మా ఆయన మానేసి గ్రూప్స్ కోచింగ్‌లో చేరమంటున్నారు. మొన్న ఒకావిడ ఒంటి నిండా వాతలతో వచ్చి ఎదురుగా కూర్చుంటే నాకేమీ అనిపించలేదండీ. ఎప్పుడు లేస్తుందా అని చూశాను. నేను ఈ పనికి పనికిరానా? మానేయాలా?

(పేరు వద్దు)

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్న దగ్గరికి చివర్లోనే వస్తాను. ముందు ఆ పిల్ల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ నిద్ర సగం అక్కడే ఆగిపోయింది. జరగాల్సిన పని ఒకటి జరగకుండా ఉండిపోతే, ఎన్ని ధ్యానాలు చేసినా మనసు ఊరుకోదు. ఊరుకోకూడదు కూడా.

'చేయగలిగింది చేశాం' అన్న మీ సార్ మాట నేను ఒప్పుకోను. ప్రాజెక్టు అయిపోయి ఉండొచ్చు, చట్టం ఇంకా ఉంది. పద్దెనిమిది నిండని పిల్లను కాపురానికి పంపారంటే అది పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే 2012 పోక్సో చట్టం కిందకి వస్తుంది. తాళి కట్టిన భర్త అయినా సరే, భార్యకి 18 నిండకపోతే ఆమెతో లైంగిక సంబంధం నేరమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చి చెప్పింది. విషయం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ అంటుంది. చెప్పకుండా ఊరుకుంటే దానికీ శిక్ష ఉంది. కాబట్టి ఇది మీ ఓపిక మీదో, మీ సార్ మూడ్ మీదో ఆధారపడిన వ్యవహారం కాదు.

రేపే ఒక పేజీ రాయండి. పెళ్లి ఏ తేదీన ఆపారు, ఎవరెవరు వచ్చారు, ఏ కాగితం రాయించారు, ఫోన్ ఎప్పుడు వచ్చింది, ఆ పిల్ల ఏ మాట అంది. అంతవరకే. ఒకటి పోలీసులకి, ఒకటి జిల్లా బాలల సంక్షేమ కమిటీకి, ఒకటి మీ డైరెక్టరుకి. మూడింటికీ రసీదు ముద్ర వేయించుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పండి.

ఇంకొకటి పాత ఫైల్లో వెతకండి. కిందటేడు ఆపినప్పుడు మేజిస్ట్రేటు దగ్గర నిషేధ ఉత్తర్వు తీసుకున్నారా? 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం, అలాంటి ఉత్తర్వు ఉండగా చేసిన పెళ్లి మొదటినుంచీ చెల్లదు. మన దగ్గర ఎక్కువగా జరిగేది మీరు రాసిన పద్ధతే. పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని 'పద్దెనిమిది నిండేదాకా చేయం' అని రాసి, సంతకాలో వేలిముద్రలో పెట్టి, ఫొటో తీయించుకుని లేస్తారు. ఆ కాగితానికి కోర్టు ఉత్తర్వుకున్న బలం ఉండదు. మీ ఫైల్లో ఉన్నది ఆ కాగితమే అయినా దారి మూసుకుపోలేదు. ఆ అమ్మాయి తనకి 20 ఏళ్లు నిండేలోపు పెళ్లి రద్దు చేయమని కోర్టుని అడగొచ్చు. ఇప్పుడే అడగాలంటే తన తరఫున పెద్దవాళ్లెవరైనా, బాల్య వివాహాల నిషేధ అధికారితో కలిసి వేయాలి. తను అడుగుతుందో లేదో తెలియదు. అడగొచ్చని తనకి తెలియాలి, అంతవరకు మన పని.

మీరొక్కరే ఆ ఇంటికి వెళ్లకండి. ఆ నంబరుకి తిరిగి ఫోన్ చేయకండి, అది ఎవరి ఫోనో ఏమో. తనే మళ్లీ చేస్తే 'చేసి మంచి పని చేశావమ్మా, ఇది నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు, అందుకే ఫలానా వాళ్లకి చెప్పాను, భయం వేస్తే 112కి గానీ 1098కి గానీ చెయ్యి' అనండి. తను మిమ్మల్ని నిలదీసిందని బాధపడుతున్నారు. నేనైతే వేరేలా చూస్తాను. కొత్త ఇంట్లో, ఎవరి ఫోనో చేతికి దొరికిన ఒక్క నిమిషంలో, ఆ పిల్ల నోటికి వచ్చిన నంబరు మీదే.

ఇక మీ సంగతి.

నిద్ర లేకపోవడం కంటే, వాతలతో వచ్చిన ఆవిడ ముందు మీకేమీ అనిపించలేదన్న చోట నాకు ఎక్కువ టెన్షన్ వేసింది. మీరేమో దాన్ని సిగ్గుపడుతూ ఉత్తరం చివర రెండు ముక్కల్లో చెప్పేశారు. ఏడుపు వస్తున్నన్నాళ్లూ ఫరవాలేదండీ, ఏడుపు రావడం ఆగినప్పుడే చూసుకోవాలి.

అమెరికాలో క్రిస్టినా మస్లాక్ అనే సైకాలజిస్టు 1970ల నుంచి దీని మీదే పనిచేశారు. నర్సులు, టీచర్లు, సంక్షేమ కార్యకర్తలు, ఇలా రోజంతా మనుషుల కష్టసుఖాలతోనే పని ఉన్నవాళ్లను చూశారు. వాళ్లలో కనిపించినవి మూడు. ఒళ్లూ మనసూ అడుగంటిపోవడం, ఎదుటి మనిషి మనిషిలా కాక కేసులా కనిపించడం, తను చేసినదానికి విలువే లేదనిపించడం. బర్నవుట్ అంటున్నది దీన్నే. మీ ఉత్తరంలో ఈ మూడూ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన జాబితాలో వివరించినప్పుడు జబ్బు అనలేదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితి అంది. ఈ తేడా మీకు అవసరం. జబ్బయితే మీరు మందు మింగితే సరిపోయేది. పని వల్ల వచ్చింది కాబట్టి మార్పు పనిలో కూడా రావాలి.

రాత్రి రెండింటికి వినిపించే గొంతు మాత్రం వేరే సంగతి. ఇంకొకరికి తగిలిన దెబ్బ వింటూ వింటూ ఉంటే విన్నవాళ్లకీ తగులుతుంది. పోలీసులకి, డాక్టర్లకి, వరదల్లో పనిచేసేవాళ్లకి, కోర్టులో పిల్లల వాంగ్మూలాలు రాసుకునేవాళ్లకి కూడా ఇలా అవుతుంది. మీ గుండె మెత్తన కావడం వల్ల వచ్చింది కాదు.

ఈ మధ్య సంస్థలన్నీ ఏడాదికోసారి స్ట్రెస్ మేనేజ్‌మెంట్ అని ఒక పూట శిక్షణ పెడుతున్నాయి. ప్రాణాయామం చేయిస్తారు, కళ్లు మూసుకుని సముద్రాన్ని ఊహించుకోమంటారు, గ్రూప్ ఫొటో తీసి పులిహోర పెట్టి పంపిస్తారు. అంతర్వేది పక్కన పనిచేసేవాళ్లని సముద్రం ఊహించుకోమనడం ఒక వేడుక. ప్రాణాయామం మంచిదే, చేయండి. అరవై కుటుంబాలు అరవైగానే ఉంచి, గాలి గట్టిగా పీల్చుకోమంటే మాత్రం ఒరిగేదేమీ లేదు.

మీ కష్టానికి వేరు నాకు కనిపించింది మీరు ఇస్తున్న మాటల్లో. మనం మాట ఎలా ఇచ్చేస్తామో చూడండి. ఇంటికి వెళ్తాం. ప్లాస్టిక్ కుర్చీ కొంగుతో తుడిచి వేస్తారు. వద్దంటున్నా వినకుండా కుర్రాణ్ణి చెట్టెక్కించి బోండం దింపిస్తారు. అది సగం తాగేలోపు ముసలావిడ కింద కూలబడి మీ రెండు చేతులూ పట్టుకుని 'మీరే దిక్కు తల్లీ' అంటుంది. చుట్టూ నలుగురు నిలబడి చూస్తుంటారు. ఆ నిమిషంలో 'నేనున్నాను కదమ్మా, నేను చూసుకుంటాను' అనకపోతే మనిషే కాదేమో అనిపిస్తుంది. గోదావరి వాళ్లం కదా, ఎదుటివాళ్ల ముఖం చిన్నబోతే మనకి అన్నం సయించదు. అనేస్తాం. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంది, మనకీ కాస్త తేలిగ్గా ఉంటుంది.

ఆ తేలిక ఆ సాయంత్రం వరకే. స్టేషన్ ఎస్సై, ఐసీడీఎస్ మేడమ్, కోర్టు, కువైట్‌లో ఉన్న తల్లి, పెళ్లికొడుకు మేనమామ, ఇంతమంది చేతుల్లో ఉన్న పనిని మీ ఒక్కరి పేరు మీద రాసేసుకుని వచ్చారు. ఇలాంటివి అరవై ఇళ్లలో. వాటిలో ఏది జరగకపోయినా మాట తప్పింది మీరే అవుతారు. రాత్రి రెండింటికి లేపుతున్నది ఆ లెక్కే.

మాట ఇవ్వొద్దని నేననను. నిలబెట్టుకోగలిగినంతే ఇవ్వండి. 'రేపు పదకొండింటికి ఈ కాగితం స్టేషన్‌లో ఇస్తాను. మీరు వస్తే మీ పక్కనే ఉంటాను. వాళ్లు ఏం చేస్తారనేది నా చేతిలో లేదు. శుక్రవారం సాయంత్రం లోపు ఏమైందో నేనే ఫోన్ చేసి చెబుతాను.' ఇందులో ప్రతి ముక్కా మీ చేతిలో ఉన్నదే. ముసలావిడ ముఖం కొంచెం చిన్నబోతుంది. పోనివ్వండి. శుక్రవారం సాయంత్రం మీ ఫోన్ వచ్చినప్పుడు, పని కాకపోయినా సరే, ఆవిడకి మీ మీద కుదిరే నమ్మకం వేరు. అప్పటిదాకా ఆవిడకి మాటిచ్చి తిరిగి ఫోన్ చేసిన మనిషి బహుశా ఎవరూ ఉండి ఉండరు.

డబ్బు సంగతి కూడా దీని వెంటే. ఆటోకి, మందులకి, రీచార్జికి అని మీ జీతంలోంచి ఇవ్వడం ఈ నెలతో ఆపండి. మీరు ఇచ్చే ఐదొందలు ఆపితే ఒక్క పూట అవతలివాళ్లకి ఇబ్బంది. ఇస్తూ పోతే మీరు వాళ్లకి అప్పులిచ్చే చుట్టం అయిపోతారు, నిజం చెప్పడానికి వాళ్లకి మొహమాటం వస్తుంది. ఆఫీసులో చిన్న అత్యవసర నిధి పెట్టమనండి, వోచరు రాసి ఇవ్వండి.

ఫోను. మీ సొంత నంబరు రెండు మండలాలకీ తెలుసు, అదీ సంగతి. ఆఫీసు పేరున ఒక సిమ్ తీసుకుని, దాన్ని సాయంత్రాలు వంతులవారీగా ఒకరి దగ్గర ఉంచుకోండి. మీ నంబరు వాళ్ల ఫోన్లలోంచి పోదు, ఆరింటి తర్వాత మీరు ఎత్తకపోవడం అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, తిట్టుకుంటారు. ప్రతి ఇంట్లో గోడ క్యాలెండరు పక్కన ఒక చీటీ అతికించండి: ఆడవాళ్లకి 181, పిల్లలకి 1098, దేనికైనా 112. రాత్రి పన్నెండింటికి కొడుతున్న మొగుడి చెయ్యి పట్టుకోవడానికి మీరు నరసాపురం నుంచి వెళ్లలేరు. ఆ వేళకి మీకు పంటు ఎక్కడ దొరుకుతుంది? ఎత్తినా చేయగలిగింది ఆ నంబర్లు చెప్పడమే. అది చీటీ చెబుతుంది.

పంటు మీకు దేవుడిచ్చిన సదుపాయం, దాన్ని ఫోన్లకి పారేసుకుంటున్నారు. చాలామంది ఉద్యోగులకి ఆఫీసుకీ ఇంటికీ మధ్య గీత ఉండదు. మీకు ఏకంగా గోదావరి ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు అవతల ఒడ్డు నుంచి వచ్చేలోపు, టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఒక నోటు పుస్తకంలో రాయండి. ఇవాళ ఏ పని అయింది, ఏది మిగిలింది, మిగిలింది ఎవరికి అప్పజెప్పాను, రేపు మొదట ఎక్కడికి వెళ్లాలి. పేర్లు వద్దు, ఫైలు నంబరు చాలు. పుస్తకం స్కూటీ డిక్కీలో పడేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఎక్కండి. అవతలి రేవులో దిగి ఇల్లు చేరేదాకా తీయకండి. రాయడానికి పది నిమిషాలు కూడా పట్టదు. రాయని పనినే మనసు రాత్రి పూట మళ్లీ మళ్లీ తిరగేస్తుంది.

పంటు మీద మీకు ఇంకో చిక్కు ఉంటుందని నాకు తెలుసు. సిటీలో సోషల్ వర్కరుకి ఆఫీసు దాటితే ఎవరూ ఎదురుపడరు. ఇక్కడ మీ స్కూటీ పక్కనే ఆగిన బండి మీద కేసువాళ్ల బావమరిది ఉంటాడు. 'మేడమ్‌గారండీ, మా అక్క సంగతి ఏమైందండీ?' అని అందరూ వినేలా అడుగుతాడు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం వెళ్తే, చేతిలో బాబు, నోట్లో జీళ్లు ఉండగానే ఇద్దరు ముగ్గురు పట్టుకుంటారు. అప్పుడు చెప్పడానికి ఒక్క మాట సిద్ధం చేసుకుని ఉంచండి. 'ఇక్కడ మాట్లాడితే మీ అక్కకే నష్టమండీ, రేపు పది గంటలకి ఆఫీసుకి రండి.' అది తప్పించుకోవడం కాదు, నిజమే. పిల్లల కేసుల్లో గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీరు అరవై ఇళ్లవాళ్ల మాట వింటున్నారు, మీ మాట వినేదెవరు?

ఎంఎస్‌డబ్ల్యూ చదివే రోజుల్లో ఫీల్డ్‌వర్క్‌కి ఐసీ, జీసీ (సూపర్‌వైజరుతో ఒంటరిగానూ, గుంపుగానూ కూర్చుని చేసే చర్చలు) అని ఉండేవి గుర్తుందా? ఒక్క కేసు మీద సూపర్‌వైజరు ముందు కూర్చుని, నువ్వెందుకలా అన్నావు, అప్పుడు నీకేమనిపించింది అని గంటసేపు తవ్వేవాళ్లు. అప్పట్లో విసుక్కునే ఉంటారు. చదువుకునేటప్పుడు ఒక కేసుకి గంట, ఉద్యోగంలో అరవై కేసులకి కలిపి పది నిమిషాలు కూడా లేదు. సూపర్‌విజన్ అంటే ఫొటోలు గ్రూపులో పెట్టారా, రిజిస్టరులో సంతకాలున్నాయా అని అడగడంగా మారిపోయింది.

సంస్థల ఇబ్బంది కూడా చెప్పాలి. విదేశీ నిధుల చట్టానికి 2020లో చేసిన సవరణతో, పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. ఆ డబ్బుతో నడిచే సంస్థ అయితే స్టాఫ్ కోసం కౌన్సెలరుని పెట్టమంటే డైరెక్టరు తల పట్టుకుంటారు. నేను అడగమనేవాటికి పెద్దగా ఖర్చు లేదు. రెండు వారాలకోసారి గంటసేపు, రిజిస్టర్లు పక్కన పెట్టి, బరువుగా ఉన్న ఒక కేసు గురించి మాత్రమే మాట్లాడుకోవడం. పెళ్లి ఆపడానికో, కొట్లాట ఇంటికో వెళ్తే ఇద్దరు వెళ్లడం. అలాంటి రోజు మర్నాడు ఫీల్డుకి కాక ఆఫీసు పనికి రావడం. ఫైలు మూసేముందు మరో మనిషి చదివి సంతకం పెట్టడం, మూసిన పిల్లల ఫైళ్లను మూడు నెలలకోసారి తెరిచి చూడడం. కుటుంబాల సంఖ్యకి ఒక హద్దు. పంటు మీద కూడా పట్టినన్ని బళ్లే ఎక్కిస్తారు, మిగిలినవాళ్లు తిట్టుకుంటూనే తరవాతి ట్రిప్పుకి ఆగుతారు.

అడగడంలో ఒక కిటుకుంది. 'నాకు స్ట్రెస్‌గా ఉంది సార్' అంటే 'ఎవరికి లేదమ్మా' అని టీ తెప్పిస్తారు. 'సార్, ఫాలో-అప్ లేక ఒక పిల్ల కేసు చేజారింది, అరవై నేనొక్కదాన్నే చూస్తే ఇంకో రెండు జారతాయి, రేపు ఎవరైనా అడిగితే మన దగ్గర కాగితం లేదు' అనండి. కాగితం లేదనే మాటకి లేచి కూర్చుంటారు.

సార్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, తోటివాళ్లతో కూర్చోవడం మీ చేతిలో ఉంది. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమ ఊళ్లలో చనిపోయినవాళ్ల జాబితాలు రాసిన కుర్రాళ్లతో నేను కొన్నాళ్లు తిరిగాను. పడిపోయిన కొబ్బరి చెట్లు దాటుకుంటూ పొద్దంతా తిరిగి, చీకటి పడ్డాక బడి అరుగు మీద చేరేవాళ్లు. వాళ్లలో పెద్దాయన, రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక్కటే అడిగేవారు: ఇవాళ ఎవరికి ఏది కళ్లముందు నుంచి పోవడం లేదు? చెప్పాలనుకున్నవాడు చెప్పేవాడు. చెప్పబుద్ధి కానివాడు టీ తాగి వెళ్లి పడుకునేవాడు, ఎవరూ బలవంతం చేసేవారు కాదు. సలహా ఇవ్వడానికి ఎవరైనా నోరు తెరిస్తే ఆయన చెయ్యెత్తి ఆపేవారు. అంతకుమించి అక్కడ ఏమీ జరిగేది కాదు, కానీ పొద్దున్నే మళ్లీ లేచి వెళ్లగలిగేవాళ్లు. మీ ఊళ్లలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎంలు ఉన్నారు. మీరు చూసేవే వాళ్లూ చూస్తున్నారు, వాళ్లనీ ఎవరూ అడగడం లేదు. నెలకోసారి సాయంత్రం కలవండి. పేర్లు ఎత్తకుండా, మీకేమైందో మాత్రమే చెప్పుకోండి.

వరదల కాలానికి ముందే ఒక మాట అనుకోండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఎగరేశారంటే లంక ఊళ్లలో మీ మామూలు కేసులన్నీ ఆగి, పడవలు, పునరావాస కేంద్రాలు, పాల ప్యాకెట్లు మొదలవుతాయి. 2022 జులైలో 25 లక్షలు దాటినప్పుడు ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. పంటు ఆగిపోతుంది, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. నీళ్లు తీశాక అందరూ అలసిపోయి ఉన్నప్పుడే ఆగిన కేసులన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆ వారంలో ఎవరు ఎప్పుడు సెలవు తీసుకోవాలో జూన్‌లోనే రాసి పెట్టుకోండి.

ఇంటి సంగతి. అత్తయ్యగారి మాటలో కోపం కంటే భయం ఎక్కువని నా అనుమానం. కోడలు తిండి తినడం లేదు, నిద్రపోవడం లేదు, ఏమైందంటే చెప్పదు. కేసు వివరాలు చెప్పకూడదు, నిజమే. 'ఇవాళ ఒక చిన్నపిల్ల కేసు అత్తయ్యా, మనసు బాలేదు, కాసేపు నన్ను కదిలించకండి' అని చెప్పకూడదని ఎవరన్నారు? బాబు మీద అరిచిన రోజు వాడికీ అలాగే చెప్పండి, అమ్మకి ఆఫీసులో కష్టమైంది, నీ తప్పేం లేదని. పిల్లలు మనం అనుకున్నదానికంటే త్వరగా అర్థం చేసుకుంటారు, చెబితే.

మీకు లేసు అల్లడం వచ్చా? రాకపోతే ఆవిడ దగ్గర నేర్చుకోండి. సరదాకి అనడం లేదు. మన కేసులు ఎన్నాళ్లు చేసినా అయిపోయినట్టు కంటికి కనబడవు. ఒక పువ్వు అల్లడం మొదలుపెడితే రాత్రి అన్నం వేళకి అయిపోతుంది, చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు. చేతులకి పని ఉంటే ఫోన్ కూడా తక్కువ చూస్తారు. పైగా అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చోవడానికి సాకు దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోకండి. ఇవన్నీ మొదలుపెట్టాక కూడా రెండు వారాలు నిద్ర, ఆకలి దారికి రాకపోతే, దేని మీదా మనసు పోకపోతే, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది, ఉచితం, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు మీరు ఎంతమందికి రాసిచ్చి ఉంటారో. మీకు కూడా పనిచేస్తుంది.

ఇక మానేయాలా అన్న ప్రశ్న. ఇప్పుడు తేల్చకండి. నిద్ర లేని మనిషి, ఒక పిల్ల ఫైలు తెరిచి ఉండగా తీసుకునే నిర్ణయం ఎటు తీసుకున్నా కొన్నాళ్లకి గుచ్చుకుంటుంది. మీ ఆయన అన్నారని మానొద్దు, మానితే అందరూ ఏమనుకుంటారోనని ఉండొద్దు. పైన చెప్పినవి మీ సార్‌ని లిఖితంగా అడగండి, మూడు నెలలు చూడండి. కొన్నైనా ఇస్తే, రాత్రిళ్లు కాస్త కుదుటపడితే, మీరు ఈ పనికి పనికొస్తారో లేదో మీకే తెలుస్తుంది. అరవై అలాగే ఉంచి 'సేవ చేసేవాళ్లకి సెలవులేంటమ్మా' అంటే ఆ సంస్థ మానేయండి. సంస్థ మానడం, పని మానడం ఒకటి కాదు. ఆసుపత్రుల్లో కౌన్సెలర్లు కావాలి, బడుల్లో కావాలి, జిల్లా బాలల రక్షణ విభాగాల్లో సోషల్ వర్కర్ల పోస్టులు పడుతుంటాయి. పూర్తిగా వేరే ఉద్యోగంలోకి వెళ్లినా అది పారిపోవడం అని నేననను. ఆరేళ్లు చిన్న కాలమేమీ కాదు.

మీ ఆయనతో కూడా ఈ మూడు నెలల సంగతి చెప్పి ఒప్పించండి. ఈలోగా కోచింగ్ సెంటరుకి అడ్వాన్సు మాత్రం కట్టనివ్వకండి, వాళ్లు తిరిగివ్వరు.